పడవ మీద ప్రాణం మీదికొస్తే: నెల్లూరు, ప్రకాశం తీరంవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వేటకు పోయేవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు, సెలవురోజు సరదాగా బోటెక్కేవాళ్లు అడిగే ప్రశ్నలివి. డాక్టరు దగ్గరికి చేరేలోపు ఏం చేయాలన్నదే ఇక్కడ చెబుతున్నాం. అసలు వైద్యం ఆస్పత్రిలోనే జరగాలి.

బోటులో ఒకరికి ఉన్నట్టుండి ఒంట్లో బాలేదు. వెంటనే వెనక్కి తిరగాలా, కాసేపు చూడాలా?

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా తిరగండి. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, అయిదు నిమిషాలకు మించి ఫిట్స్, గట్టిగా అదిమిపట్టినా ఆగని రక్తం, పాము కాటు. వీటికి "కాసేపు చూద్దాం" అన్నది పనికిరాదు.

సముద్రం మీద ఎక్కువగా చేటు చేసేది వల. వల వేసి ఉంటుంది, లాగడానికి గంట పడుతుంది, డీజిల్ ఖర్చయిపోయింది. జబ్బు పడ్డ మనిషే "ఏం లేదులే అబ్బయ్యా, గ్యాసు పట్టింది, వల తీసుకునే పోదాం" అంటాడు. తనవల్ల అందరికీ ఆ రోజు కూలి పోతుందని అతనికి మొహమాటం. అందుకే ఆ నిర్ణయం జబ్బు మనిషికి వదలకూడదు, బోటు నడిపే సరంగు తీసుకోవాలి. వలకు తేలే డబ్బానో జెండానో కట్టి, ఆ చోటును జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని వదిలేయండి. పక్క బోటువాళ్లకు వైర్‌లెస్‌లో చెబితే వాళ్లు తీసుకొస్తారు. మన ఊళ్లలో ఆ సాయం కాదనేవాళ్లు లేరు.

లెక్క చూడండి. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఒడ్డుకు 14 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్నారు, బోటు గంటకు 7 నాటికల్ మైళ్లు పోతుంది అనుకుంటే ఇసుక తగలడానికే రెండు గంటలు. అక్కణ్ణించి పెద్దాస్పత్రికి రోడ్డు మీద ఇంకో గంట. దానికి వల లాగే గంట కూడా కలిపితే మొత్తం నాలుగు.

ముందు ఎవరికి చెప్పాలి?

బోటు తిప్పాకే ఫోను. ఒకరు బోటు నడుపుతూ ఉంటే ఇంకొకరు మాట్లాడాలి.

సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. అంబులెన్సుకు 108, ఏదీ దొరక్కపోతే 112. సిగ్నల్ లేనంత దూరంలో ఉంటే వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టులో 16వ చానల్. మనవాళ్లు ఊరి కబుర్లు మాట్లాడుకునే చానల్ వేరేది ఉంటుంది. ఆపదలో అందులో అరిస్తే తోటి బోట్లకు వినపడుతుంది కానీ కోస్ట్ గార్డ్‌కు వినపడదు. రెండింట్లోనూ చెప్పండి, ముందు 16లో. మనిషి ఊపిరే ఆగిపోయే స్థితి అయితే "మేడే" అని మూడుసార్లు, అంత కాకపోయినా అత్యవసరమైతే "పాన్ పాన్" అని మూడుసార్లు అని, తర్వాత తెలుగులోనే చెప్పినా ఫరవాలేదు.

ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపడానికి ఇస్రో తయారుచేసిన డాట్ పెట్టె మీ బోటులో ఉంటే, అందులో బోటు మునుగుతోంది, మంటలు, మనిషి నీళ్లలో పడ్డాడు అన్నవాటితోపాటు వైద్యసాయం కావాలని చెప్పడానికీ వీలుంది. 2024 జనవరిలో వచ్చిన కొత్త రకంలో, కబురు అందిందని తిరుగు జవాబు కూడా వస్తుంది. బోటులో అందరికీ ఆ పెట్టె వాడటం తెలిసి ఉండాలి. సరంగుకే గుండెపోటు వస్తే?

ఫోన్లో ఏం చెప్పాలి? కంగారులో మాట రాదు కదా.

బోటు పేరు, నంబరు, ఉన్న చోటు, జబ్బు మనిషి వయసు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, ఏ ఒడ్డుకు వస్తున్నారు, ఎన్నింటికి. ఇవి ఒక అట్టముక్క మీద రాసి, దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, సెట్టు పక్కనే వేలాడదీయండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు చదివి చెప్పడం తేలిక, గుర్తుతెచ్చుకోవడం కష్టం.

జీపీఎస్ అంకెలు చెప్పేటప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. మన రెండు జిల్లాల ముందున్న సముద్రంలో ఉత్తరం అంకె 14తోనో 15తోనో, తూర్పు అంకె 80తో మొదలవుతుంది. మీరు చదివింది అలా లేకపోతే తెర మీద వేరే పాయింటు చూస్తున్నట్టు లెక్క. కృష్ణపట్నం ముందర ఉంటే 14, ఒంగోలు తూర్పున కొత్తపట్నం ముందర ఉంటే 15. రెండుసార్లు చదవండి, అవతలివాళ్లను తిరిగి చదివించుకోండి.

ఏ ఒడ్డుకు పోవాలి? మా ఊరికే పోతాం కదా?

చాలామంది అలవాటుకొద్దీ సొంత ఊరికే పోతారు. అక్కడే పొరపాటు జరిగేది.

మన తీరంలో ఎక్కువ ఊళ్లలో జెట్టీ లేదు. ఫైబర్ బోటును అలల మీదుగా ఇసుకలోకి ఎక్కిస్తారు, తర్వాత ట్రాక్టరుతోనో నలుగురూ కలిసో పైకి లాగుతారు. గుండెనొప్పి మనిషి బోటులో పడుకుని ఉంటే ఆ చివరి వంద గజాలే అన్నిటికన్నా ప్రమాదం. అల విరిగేచోట బోటు అడ్డం తిరిగిందంటే అందరూ నీళ్లలోనే. ఇసుక దాటాక అంబులెన్సు రావాలంటే తారు రోడ్డు ఉండాలి. ఇసుకలో దాని చక్రాలు దిగిపోతాయి.

కాబట్టి అడగాల్సింది "ఏది దగ్గర?" అని కాదు, "ఎక్కడ మనిషిని తడవకుండా దించి నేరుగా బండెక్కించొచ్చు?" అని. కావలి వైపు ఉన్నవాళ్లకు బోగోలు మండలం జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ ఉంది. దక్షిణాన ఉంటే కృష్ణపట్నం వైపు ఆలోచించాలి, అక్కడ కోస్ట్ గార్డ్ స్టేషన్ ఉంది. ఎక్కడ దించాలో 1554 వాళ్లనే అడగండి. అరగంట ఎక్కువ ప్రయాణమైనా జెట్టీ ఉన్నచోటే చాలాసార్లు లాభం. మనిషి ఊపిరి ఆగిపోతున్నట్టుంటే మాత్రం ఆ లెక్క పనిచేయదు, దగ్గరి ఇసుకే.

ఏటి మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటునుంచి, లోపలికి పోయేవాళ్లు పోటు, పాటు చూసుకోవాలి. మొగ పూడుకుపోయినచోట పాటు వేళకు బోటు ఇసుకదిబ్బ మీద కూర్చుండిపోతుంది. జబ్బు మనిషితో నీళ్లు ఎక్కేదాకా అక్కడ ఎదురుచూడటం కంటే నరకం ఇంకోటి లేదు. అనుమానం ఉంటే మొగ జోలికి పోవద్దు.

ఇసుక మీదే దిగక తప్పకపోతే, బోటు ఇంకా సముద్రంలో ఉండగానే ఊళ్లోకి ఫోను చేయండి. ట్రాక్టరు, ట్రాలీ, ట్రాలీలో పరుపు, మోయడానికి ఎనిమిదిమంది. 108కి చెప్పేటప్పుడు "బీచ్ దగ్గర" అనకండి, మన తీరమంతా బీచే. ఫలానా ఊరు, ఫలానా మండలం, తుఫాను షెల్టరు దగ్గరనో గంగమ్మ గుడి దగ్గరనో చెప్పండి, అక్కడ రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి. అంబులెన్సు బయల్దేరాక డ్రైవరు ఫోను చేస్తారు, ఆ నంబరు ఎంగేజ్‌లో పెట్టుకోకండి.

ఛాతీ నొప్పి వచ్చింది. గ్యాసా, గుండెపోటా ఎలా తెలుస్తుంది?

బోటు మీద తెలియదు. ఆస్పత్రిలో కూడా ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది. ఛాతీ నడుమ పట్టేసినట్టో బరువు పెట్టినట్టో ఉండి, చల్లటి చెమట పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గుండెపోటనే అనుకుని కదలండి. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, వాంతులు, నీరసంతోనే రావచ్చు. సోడా తాగించి చూద్దాం అనుకునే అరగంటలోనే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

మనిషిని కూర్చోబెట్టండి, వీపుకు వల కుప్పో సంచో ఆనించండి. వల లాగడం, నడవడం, మెట్లెక్కడం ఏదీ చేయనివ్వొద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండుతో రక్తం పోయినవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. ఎకోస్ప్రిన్ 75 ఉంటే నాలుగు బిళ్లలు. మింగించకుండా నమిలిస్తేనే తొందరగా పనిచేస్తుంది. నాలుక కింద పెట్టే గుండెనొప్పి బిళ్ల సార్బిట్రేట్ మాత్రం డాక్టరు అంతకుముందే రాసిచ్చినవాళ్లకే, అదీ కూర్చోబెట్టి. బీపీ పడిపోయిన మనిషికి అది పెడితే ఉన్న స్పృహ కూడా పోతుంది.

ఇంకో మాట. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షను ఎంత ముందు పడితే అంత మేలు. అది కొన్ని ఏరియా ఆస్పత్రుల్లోనూ ఇస్తారు. నేరుగా నెల్లూరో ఒంగోలో పోదామనుకునేముందు కావలి, కందుకూరు వంటి దగ్గరి ఆస్పత్రిలో ఆ వీలుందేమో దారిలోనే 108 సిబ్బందిని అడగండి.

నీళ్లలో పడినవాణ్ణి పైకి తీశాం. కడుపులో నీళ్లు కక్కించాలా?

వద్దు. తలకిందులుగా పట్టుకుని ఊపడం, పొట్ట మీద నొక్కడం, భుజాన వేసుకుని పరుగెత్తడం మన ఊళ్లలో ఇంకా చూస్తున్నాం. దానివల్ల కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆక్సిజన్ అందాల్సిన నిమిషాలు పోతాయి.

పిలిచినా పలక్క, ఊపిరి లేకపోతే, గట్టి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టండి. వలల మీద పడుకోబెడితే నొక్కినప్పుడు ఒళ్లు కిందికి పోతుందే తప్ప గుండె మీద ఒత్తిడి పడదు. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు అయిదుసార్లు ఊపిరి ఊదండి. నీళ్లలో పడ్డవాళ్లకు ఊపిరే ముందు. తర్వాత ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, మళ్లీ 30. దీన్నే సీపీఆర్ అంటారు. రెండంగుళాలు లోపలికి దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. బోటు ఊగుతుంటే నొక్కేవాడు మోకాళ్లు వెడల్పుగా పెట్టుకోవాలి, ఇంకొకరు అతని నడుం పట్టుకోవాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలిసిపోయిన చేతులు లోతుగా నొక్కలేవు, ఆ సంగతి నొక్కేవాడికి తెలియదు.

కోలుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆయాసం గంటల తర్వాత కూడా ముదురుతుంది.

పక్షవాతమైతే?

మొదలైన టైము రాసుకోండి, డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్న అదే. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలు గడువు. నోట్లో నీళ్లు, మాత్రలు ఏమీ వేయొద్దు. ఆస్పిరిన్ కూడా వద్దు, అది గడ్డ వల్లా, రక్తం కారడం వల్లా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది.

వలలో సముద్రపు పాము పడింది, తీసేస్తుంటే కరిచింది. నొప్పి కూడా లేదు. భయపడాలా?

నొప్పి లేకపోవడమే మోసం. వల విదిలించేటప్పుడు మనవాళ్లు దాన్ని తోక పట్టుకుని నీళ్లలోకి విసిరేస్తారు, తెడ్డులా చదునుగా ఉండే తోక చూసి. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఇకముందూ కాదనుకుంటారు. నిజమే, చాలా కాట్లలో విషం దిగదు. దిగితే మాత్రం కరిచినచోట వాపు, మంట పెద్దగా ఉండవు. అరగంట నుంచి కొన్ని గంటల్లోపు ఒళ్లంతా కండరాలు పట్టేస్తాయి, నోరు తెరవలేరు, రెప్పలు వాలిపోతాయి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారుతుంది. తర్వాత ఊపిరి కండరాలు ఆగిపోవచ్చు.

కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. లుంగీ చింపి వెడల్పాటి గుడ్డతో వేళ్ల దగ్గర్నుంచి పైదాకా, బెణుకుకు కట్టినంత గట్టిగా చుట్టి, తెడ్డో చెక్కో ఆనించి కదలకుండా కట్టండి. మనిషి లేవకూడదు. ఊపిరి ఆగితే ఒడ్డు చేరేదాకా నోటితో ఊదుతూనే ఉండాలి. విషం ప్రభావం తగ్గేదాకా ఊపిరి అందిస్తే మనిషి బతుకుతాడు.

ఎక్కడికి తీసుకుపోవాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మన ఆస్పత్రుల్లో దొరికే పాముకాటు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు చేసింది. సముద్రపు పాముకు అది పనిచేయదు. కావాల్సింది వెంటిలేటరు, అవసరమైతే డయాలిసిస్. అందుకని నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రో, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రో, ఆ సదుపాయమున్న ఇంకొకటో చూసుకోండి. "సముద్రపు పాము" అని నోరు తెరిచి చెప్పండి. ఒట్టి "పాము" అంటే నేల మీది పామే అనుకుంటారు.

టేకు చేప తోక ముల్లు, జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే?

ప్రాణం పోయేంత నొప్పి ఉంటుంది, వేడినీళ్లకు లొంగుతుంది. మన చేతికి ఓర్చుకోగలిగినంత వేడి, సుమారు 45 డిగ్రీలు, అందులో గుచ్చుకున్న చెయ్యో కాలో అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. నొప్పితో ఉన్నవాడికి వేడి తెలియదు, కాబట్టి నీళ్లు ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. రాత్రి వేటకు అన్నం వండుకునే స్టవ్ ఎలాగూ ఉంటుంది. ఫైబర్ బోటువాళ్లు ఫ్లాస్కులో వేణ్ణీళ్లు తీసుకుపోతే టీకీ, దీనికీ రెండింటికీ పనికొస్తాయి.

ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో ముల్లు దిగితే పీకొద్దు, కదలకుండా గుడ్డలు ఆనించి ఆస్పత్రికి. పీకితే లోపలి రక్తం ఆపడం ఎవరివల్లా కాదు. ఒడ్డుకొచ్చాక ధనుర్వాతం ఇంజెక్షను తప్పనిసరి. జెల్లీ ఫిష్ తగిలితే మంచినీళ్లతో కడగకండి, సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను చెంచాతోనో చిమటాతోనో తీసి వేడినీళ్లు పోయండి.

తాడు చుట్టే మిషన్‌లో వేలు తెగిపోయింది. అతికిస్తారా?

తొందరగా, సరిగ్గా తెస్తే అతికించే అవకాశం ఉంది. ముందు చెయ్యి సంగతి చూడండి, మడతపెట్టిన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి పైకెత్తి ఉంచాలి. చెయ్యో కాలో మొత్తం నలిగి రక్తం ధారగా పోతూ ఏం చేసినా ఆగకపోతే మాత్రం గాయానికి పైన వెడల్పాటి పట్టీతో బిగించి కట్టి, కట్టిన టైము నుదుటి మీదో బట్ట మీదో రాయండి.

తెగిన వేలును చేపల ఐసులో నేరుగా పడేయకండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టండి. ఐసు నేరుగా తగిలితే మాంసం గడ్డకట్టి పాడైపోతుంది. చల్లగా ఉంచితే వేలుకు ఎక్కువ గంటలు ఆశ ఉంటుంది, లేకపోతే బాగా తక్కువ. సముద్రం మీద అందుబాటులో ఉన్న ఒక్క అదృష్టం ఈ ఐసే.

వడదెబ్బ, షుగరు పడిపోవడం, ఫిట్స్?

వడదెబ్బకు ఒళ్లు కాలిపోతూ పిచ్చిమాటలు మాట్లాడతారు. నీడ చేసి, సముద్రపు నీళ్లు ఒంటి మీద పోస్తూ విసరండి, మెలకువగా ఉంటేనే తాగించండి. సముద్రపు నీళ్లు పోయడానికే, తాగడానికి ఎప్పుడూ కాదు. షుగరు మనిషి చెమటలు పట్టి వణుకుతూ తికమకగా మాట్లాడితే మూడు చెంచాల చక్కెర, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం మానేసి, నీళ్లలో పడకుండా పట్టుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

కోస్ట్ గార్డ్ హెలికాప్టరు వస్తుందా? డబ్బులు కట్టాలా?

కట్టక్కర్లేదు. హెలికాప్టరా, ఓడా, వేగంగా పోయే చిన్న బోటా అన్నది దూరం, గాలి, చీకటి, జబ్బు తీవ్రత చూసి వాళ్లే నిర్ణయిస్తారు. ఎదురుచూస్తూ ఆగిపోకండి, వాళ్లు ఆగమంటే తప్ప ఒడ్డు వైపు వస్తూనే ఉండండి, ఎదురొచ్చి కలుస్తారు. హెలికాప్టరే వస్తే టార్పాలిన్లు, ఖాళీ డబ్బాలు, ఆరేసిన బట్టలు అన్నీ కట్టేయండి, దాని గాలికి లేచిపోతాయి. కిందికి దింపిన తీగను బోటుకు కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

మేం వేటవాళ్లం కాదు. మైపాడులోనో కొత్తపట్నంలోనో పిల్లలతో, పెద్దవాళ్లతో సరదాగా బోటెక్కుతున్నాం.

లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కకండి, ఉంటే బకిల్ పెట్టుకోండి. 2017 నవంబరు 12న కృష్ణా పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడిన బోటులో ఎక్కువమంది మన ఒంగోలువాళ్లే. ఆ తర్వాత కూడా "ఫోటో బాగా రాదు" అని జాకెట్ విప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఈ మధ్యే స్టెంటు వేయించుకున్నవాళ్లు, ఫిట్స్ అదుపులో లేనివాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు ఒడ్డునే ఉంటే మంచిది. రోజూ వేసుకునే మందులు బస్సులో వదిలేసి రాకుండా జేబులో పెట్టుకోండి. వాంతులయ్యేవాళ్లు మాత్ర బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందు వేసుకోవాలి.

పులికాట్‌లో అయితే లోతే లేదు కదా, అక్కడేం ప్రమాదం?

2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరువాళ్లు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అక్కడ ప్రమాదమే ఆ లోతు లేకపోవడం. చాలాచోట్ల నీళ్లు నడుము లోతు కూడా ఉండవు, వేసవిలో ఇంకా తగ్గుతాయి. బోటు బురదలో ఆగిపోతే తొయ్యడానికి దిగినవాళ్ల కాళ్లూ కూరుకుపోతాయి. ఇరకం దీవి నుంచి జబ్బు మనిషిని తెచ్చేటప్పుడు దగ్గరిదారి వెతక్కుండా, అక్కడి బోటువాళ్లు రోజూ పోయే దారిలోనే భీమునివారిపాలెం రావాలి. కాన్పు రోజులు దగ్గరపడ్డవాళ్లు ముందే ఇవతలికి వచ్చి చుట్టాలింట్లో ఉండటం మేలు.

బోటులో ఏ మందులు ఉంచుకోవాలి?

మూతి బిగుసుకునే డబ్బాలో ఆస్పిరిన్, పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు, చక్కెర, వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు, దూది, గాజుగుడ్డ, కత్తెర, చిమటా. ఎక్కువ పెడితే ఏది ఎందుకో ఎవరికీ గుర్తుండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లోనే డబ్బా విప్పి గడువు దాటిన మాత్రలు మార్చండి. సీపీఆర్ నేర్చుకోవడానికీ అదే తీరిక.

దారిలోనే మనిషి పోతే?

చెప్పడానికి కష్టమైనా చెప్పుకోవాలి. పోయాడని బోటులో మీరే తేల్చేయకండి, అలిసిపోయి ఇక చేతులాడని స్థితి వచ్చేదాకా సీపీఆర్ ఆపకండి. ఒడ్డుకు రాగానే మెరైన్ పోలీసులకు కబురు చేయండి. నేరుగా ఇంటికి తీసుకుపోయి ఆ సాయంత్రమే కార్యం ముగించేస్తే, ఆ ఇంటికి రావాల్సిన డబ్బుకు ఆధారం లేకుండా పోతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారుల ప్రమాద బీమాలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ప్రమాదంలో ఆస్పత్రి ఖర్చుకు 25 వేలు ఉన్నాయి. అది ప్రమాదానికి బీమా, జబ్బుకు కాదు. గుండె ఆగి నీళ్లలో పడ్డాడా, నీళ్లలో పడి పోయాడా అన్నది పోస్టుమార్టం కాగితమే చెప్పాలి. అందుకే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మూడింటి నకళ్లూ అడిగి తీసుకోండి, వాటిని మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు సంతకం, తేదీ రాయించుకోండి.